రంగస్థలము - పరిశోధన

నాటకము దృశ్యకావ్యమని ప్రతి విద్యార్థియు వల్లించును. కాని మన విద్యాలయములలో అది శ్రవ్యకావ్యముగనే మిగిలిపోవుచున్నది. ఉపాధ్యాయుడు చదువును, విద్యార్థులు విందురు, పాత్రల గుణగణములపై నాలుగు ప్రశ్నలు, నాలుగు సమాధానములు, అంతటితో సరి. వార్షికోత్సవము దగ్గర పడగానే ఏదియో ఒక నాటికను ఎన్నుకొని, మాటలు కంఠస్థము చేయించి, రంగులు పూసి తెర యెత్తుదురు. చదువువారు ఆడరు, ఆడువారు చదువరు. ఈ ఎడబాటు వలన రెండు పక్షములకును నష్టమే.

ఇది మొదటినుండియు ఉన్నది కాదు. గురజాడ అప్పారావుగారి ‘కన్యాశుల్కము’ పుట్టుకయే ఇందుకు సాక్ష్యము. విజయనగర ప్రభువు ఆనందగజపతి విశాఖపట్టణ మండలములోని బ్రాహ్మణ కుటుంబములలో జరిగిన శుల్కవివాహములకు పట్టిక సిద్ధము చేయించిరి. మూడేండ్లలో 1,034 వివాహములు లెక్కకు వచ్చినవి. పెండ్లినాటికి 99 మంది బాలికలకు ఐదేండ్లు, 44 మందికి నాలుగేండ్లు, 36 మందికి మూడేండ్లు, ఆరుగురికి రెండేండ్లు. ముగ్గురికి ఒక్క యేడు! శుల్కము పుచ్చుకొంటిమని ఒప్పుకొనుట కెవ్వరును ఇష్టపడరు గనుక ఇది సమగ్రమైన లెక్క కాదనియు గురజాడ తమ పీఠికలో తెలిపిరి. ఆ లెక్కల వెనుకనున్న లోకమే 1892లో విజయనగరమున రంగస్థల మెక్కినది. విచారణ ముందు, వినోదము తరువాత.

1897లో అచ్చైన ఆ నాటకమును గురజాడ 1909 నాటికి ఎంతగానో పెంచి, మార్చిరి. అరుదైపోయిన తొలి ప్రతిని 1969లో బంగోరె మరల వెలువరించి పరిశోధకులకు మహోపకారము చేసిరి. రంగస్థలముపై జె.వి. రమణమూర్తి గిరీశము పాత్ర ధరించి ఆ నాటకమును దశాబ్దముల తరబడి ప్రజల యొద్దకు కొనిపోయిరి. ఒక్క రాత్రిలో పూర్తిగా ఆడుట కష్టమైనంత పెద్ద నాటకమది. ఏ రంగము నిలుపవలెను, ఏది విడువవలెనని ప్రతి సమాజమును నిర్ణయించుకొనక తప్పదు. ఆ నిర్ణయము కేవలము కాలమును బట్టి చేయునది కాదు. అది నాటకమునకు వ్యాఖ్యానము. గిరీశము మాటలను నిలిపి, కూతురి పెండ్లి ఆపజాలని వెంకమ్మ దుఃఖమును కోసివేసినచో నవ్వు మిగులును; నవ్వు వెనుకనున్న 1,034 పెండ్లిండ్లు మిగులవు. ఈ సంగతి పుస్తకము చదివిన పండితునికంటె, ఆడి చూచిన నటునికే ముందుగా తెలియును. కాని నటుడు దానిని వ్రాసి పెట్టడు. పండితుడు పోయి అడుగడు. నటునితోనే ఆ విద్య అంతరించును.

నాట్యమునకు లోకము ప్రమాణమని భరతముని నిర్ణయించినాడు. శాస్త్రములో చెప్పనిదానిని లోకమునుండియే గ్రహింపుమన్నాడు. నటుడు లోకమును పరిశీలింపవలెననుటకు ఇంతకు మించిన శాసన మేమున్నది?

పాఠశాలలలో ఈ పని చేయుటకు ధనముతో పనిలేదు. ‘కన్యాశుల్కము’నుండి ఒక్క రంగము తీసికొనుడు. రెండు ప్రతులను పోల్చి చదివింపుడు. ఆనాటి పెండ్లి ఆచారములను గూర్చియు, ఉత్తరాంధ్ర పలుకుబడిని గూర్చియు విద్యార్థులచేత పెద్దలను అడిగింపుడు. పిమ్మట ఆడింపుడు. ఏ మాట విడిచితిమి, ఏల విడిచితిమి, ప్రేక్షకులు ఎచ్చట నవ్విరి, ఎచ్చట మౌనము వహించిరి అను విషయములను ఒక పుస్తకములో వ్రాయించి గ్రంథాలయమున భద్రపరచుడు. పది సంవత్సరములు ఇట్లు జరిగినచో ఆ పుస్తకములే రేపటి పరిశోధకునికి ఆధారములగును. తమ తాతల నాటి లోకమును ఒక్క దినమైనను తమ గొంతుతో పలికిన బాలబాలికలకు సంస్కృతి అనగా ఏమో వేరుగా బోధింప నక్కరలేదు.