సర్వర్ పచ్చగానే ఉంది, సైటే లేవట్లేదు

మన క్లాసులో ఎవరి సిస్టమ్ మొరాయించినా మొదటి సలహా ఒకటే: "ఫార్మాట్ కొట్టెయ్ రా." నేనూ చాలామందికి ఇచ్చాను ఆ సలహా. కిందటేడాది ఒక ఆదివారం ఆ కత్తి నా మెడ మీదికే వచ్చింది కాబట్టి, ఇప్పుడు దాని మీద నాకో గట్టి అభిప్రాయం ఉంది.

ఆబిడ్స్‌లో ఆదివారం ఫుట్‌పాత్‌ల మీద పాత పుస్తకాలు పరుస్తారు కదా, ఆ పక్క సందులో ఒక చిన్న దుకాణం. సెకండియర్‌లో, అంటే 2023లో, వాళ్ల పుస్తకాల లిస్టుకి నేనొక సైట్ చేసిపెట్టాను. అద్దె సర్వర్, ఉబుంటు 20.04, అపాచీ. కుర్రాళ్లు సైట్‌లో పుస్తకం ఉందో లేదో చూసుకుని నాంపల్లి స్టేషన్‌లో దిగి నడిచి వస్తారు. ఆ లిస్టంతా దుకాణం పెద్దాయన రోజూ సాయంత్రం కూర్చుని, ఒక్క వేలితో టైపు చేసి ఎక్కించింది.

2025 మేతో ఉబుంటు 20.04కి మామూలు మద్దతు అయిపోయింది. అందుకని ఒక శనివారం రాత్రి 22.04కి అప్‌గ్రేడ్ చేశాను. మొదట అపాచీ లేవనే లేదు. పీహెచ్‌పీ 7.4 పోయి 8.1 వచ్చింది, కాన్ఫిగ్‌లో మాత్రం పాత మాడ్యూల్ పేరే ఉంది. ఫలానా ఫైల్ లేదని అదే చెప్పింది, ఐదు నిమిషాల్లో సరిచేశాను. స్టేటస్ చూస్తే పచ్చరంగులో 'యాక్టివ్, రన్నింగ్'. హాయిగా పడుకున్నాను. బ్రౌజర్‌లో ఒక్కసారి తెరిచి చూడాలని తోచలేదు చూడండి!

పొద్దున్నే ఫోను. "ఏం జేసినవ్ బిడ్డా? లిస్టు వస్తలేదంటున్నరు పిల్లలు."

నాంపల్లి వెళ్లే ఎంఎంటీఎస్‌లోనే ల్యాప్‌టాప్ తెరిచాను. స్టేటస్ ఇంకా పచ్చగానే ఉంది, పేజీ మాత్రం రావట్లేదు. కొత్త సర్వర్ తీసుకుని మొదట్నించీ పెట్టేద్దాం అనుకున్నాను. బ్యాకప్ చూస్తే మూడు నెలల కిందటిది. అంటే ఆ పెద్దాయన మూడు నెలల సాయంత్రాలు గాల్లో కలిసిపోతాయి. అక్కడ ఆగాను. భయంతోనే ఆగాను, తెలివితో కాదు.

అప్పుడు తెరిచాను ఎర్రర్ లాగ్. ఒకటే వాక్యం వందలసార్లు: చైల్డ్ ప్రాసెస్ సెగ్మెంటేషన్ ఫాల్ట్‌తో పోయింది, సిగ్నల్ 11. అపాచీలో తల్లి ప్రాసెస్ ఒకటి ఉంటుంది, అది పిల్ల ప్రాసెస్‌లను పుట్టించి పని వాటికి అప్పగిస్తుంది. ఇక్కడ పిల్లలు పని ముట్టుకోగానే పోతున్నాయి, తల్లి మళ్లీ కొత్తవాటిని పుట్టిస్తోంది. తల్లి బతికే ఉంది కాబట్టి స్టేటస్ పచ్చగా ఉంది.

మాడ్యూల్స్ ఫోల్డర్‌లో ఒక్కో ఫైలు ఏ ప్యాకేజీదో డీపీకేజీని అడిగాను. అన్నిటికీ ఊరూ పేరూ ఉన్నాయి, ఒక్కదానికి లేదు. ఎవరిదా అని చూస్తే నాదే. పెద్దాయన లాగిన్ కోసం 2023లో ఏదో ట్యుటోరియల్ చూసి నేనే కంపైల్ చేసి పడేసిన మాడ్యూల్. ప్యాకేజీ కాదు కాబట్టి అప్‌గ్రేడ్ దాన్ని ముట్టుకోలేదు. ఎల్‌డీడీతో చూస్తే అది పాత ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్ 1.1నే పట్టుకుని వేలాడుతోంది, మిగతా అపాచీ అంతా 3.0కి వెళ్లిపోయింది. మరి అపాచీ లోపలికి ఎలా రానిచ్చింది? మాడ్యూల్‌ని అది చూసేది ఒక అంకెను, మాడ్యూల్ మ్యాజిక్ నంబర్‌ను. 2.4 వరసలో 2.4.41 అయినా 2.4.52 అయినా ఆ నంబర్‌లో అసలు భాగం మారదు, 20120211. టికెట్ సరిగ్గా ఉంది, సంచిలో ఏముందో గేటు దగ్గర ఎవరూ చూడరు. లోపలికెళ్లాక ఒకే ప్రాసెస్‌లో రెండు తరాల లైబ్రరీలు తగువులాడుకున్నాయి.

ఆ మాడ్యూల్‌ని ఆపి రీస్టార్ట్ చేస్తే సైట్ లేచింది. పదకొండయింది అప్పటికి. మధ్యాహ్నం దుకాణంలో స్టూలు మీద కూర్చుని, కొత్త హెడర్లతో మాడ్యూల్‌ని మళ్లీ కంపైల్ చేశాను. బ్యాకప్ తీశాకే, లెండి.

ఇది విని మా రూమ్మేట్ తేల్చిన నీతి: "అందుకే అప్‌డేట్లు చెయ్యకూడదు." నేను ఒప్పుకోను. 2021 సెప్టెంబరులో వచ్చిన అపాచీ 2.4.49లో ఒక లోపం దూరింది. కొన్ని అమరికల్లో బయటివాళ్లు చూడకూడని ఫైళ్లు చదివేయొచ్చు. అక్టోబరు 4న 2.4.50తో సరిచేశారు, అది చాల్లేదు, 7న 2.4.51 ఇచ్చారు. లోపం తెచ్చిందీ అప్‌డేటే, తీసిందీ అప్‌డేటే. ఆ వారం వెర్షన్‌ని హోల్డ్‌లో పెట్టి కూర్చున్నవాడి గతేమిటి?

నా కోపం వేరే చోట ఉంది. మన ల్యాబ్ రికార్డుల్లో ప్రతి ప్రయోగం చివర అవుట్‌పుట్ స్క్రీన్‌షాట్ ఉంటుంది. పనిచేసినట్టు. పని చెయ్యనిది అతికిస్తే సంతకం పడదు. కాబట్టి సరిగ్గా నడిచే సర్వర్ పెట్టడం నాలుగేళ్లు నేర్చుకుంటాం, పడిపోయినదాన్ని చదవడం ఎవరూ నేర్పరు. ఎర్రర్ వస్తే చదవకుండానే కాపీ చేసి ఏఐకి వేస్తాం, అదిచ్చిన కమాండ్ అలాగే పేస్ట్ చేస్తాం. సుడోతో సహా!

నేను అడుగుతున్నది చిన్నదే. వచ్చే సెమిస్టర్ ల్యాబ్ పరీక్షలో ఒక్క ప్రశ్న మార్చండి. పనిచెయ్యని సర్వర్ చేతికివ్వండి, ఫార్మాట్ నిషేధం. ఎందుకు పడిపోయిందో రాసినవాడికి అది లేవకపోయినా సగం మార్కులివ్వండి. మా డిపార్ట్‌మెంట్‌కి ఇవ్వడానికి ఉత్తరం రాసి పెట్టాను. సంతకాలు పెట్టేవాళ్లు శుక్రవారం లైబ్రరీ మెట్ల దగ్గర కలవండి.