పది రోజుల యాత్ర, నూరేళ్ల ముద్ర



క్రిస్మస్ దాటి, ఎండలు ముదరక ముందు, తెనాలి, బాపట్ల, రేపల్లె చుట్టుపక్కల మన కాలనీలకు ఫారిన్ టీములు వస్తాయి. కాలువ కట్ట మీద ఏసీ బస్సు ఆగుతుంది. పది పన్నెండు మంది దిగుతారు. వాళ్ల చర్చీల్లో దీన్ని మిషన్ ట్రిప్ అంటారు. అంతా కలిపి పది రోజుల యాత్ర. అందులో మన కాలనీ వంతు రెండు గంటలు. పాట, ప్రార్థన, దుప్పట్లు, బిస్కెట్లు, ఫోటోలు. బస్సు వెళ్లిపోతుంది.

కొన్నేళ్ల కిందట రేపల్లె వైపు ఒక యానాది కాలనీలో అలాంటి టీముకు మేమే దుబాసీగా నిలబడ్డాం. డీఎడ్ చదివాం, నాలుగు ఇంగ్లీషు ముక్కలు వచ్చు కాబట్టి పిలిచారు. బడి ఉన్న రోజే. పిల్లల్ని వరుసలో నిలబెట్టారు. టీమును తీసుకొచ్చిన మనిషి ఒక పిల్లవాణ్ణి ముందుకు లాగి, వీడు అనాథ అని ఇంగ్లీషులో చెప్పాడు. వచ్చినవాళ్లలో ఒక పెద్దావిడ కళ్లనీళ్లు పెట్టుకుని వాణ్ణి హత్తుకుంది. ఫోటో తీశారు. ఆ పిల్లవాడి తల్లి పది అడుగుల దూరంలో చంకన చంటిబిడ్డతో నిలబడి ఉంది.

"ఏమంటన్నారు సారూ, మావోణ్ణి?" అని మమ్మల్ని అడిగింది.

"మంచి పిల్లోడంటున్నారమ్మా" అన్నాం.

ఆమె నవ్వింది. ఆ అబద్ధం మాది. దాన్ని దిగమింగుకోలేకే ఈ వ్యాసం రాస్తున్నాం.

ఎవరు ఏ దేవుణ్ణి కొలవాలన్నది మా గొడవ కాదు. మా ఇళ్లలో బైబిలు ఉంది, కొలుపులూ ఉన్నాయి. మా ప్రశ్న వేరు. మన గురించి కథ ఎవరు చెబుతున్నారు? ఎవరికి చెబుతున్నారు? చెప్పేముందు మనల్ని అడుగుతున్నారా?

ఈ ప్రశ్న నిన్న మొన్నటిది కాదు. మేము ఎరుకలం. బాపట్లకు దగ్గర్లో ఉన్న స్టువర్టుపురం మావాళ్ల ఊరు. ఆ పేరు మావాళ్లు పెట్టుకున్నది కాదు, మద్రాసు ప్రభుత్వంలో పెద్ద పదవిలో ఉన్న హెరాల్డ్ స్టువర్ట్ అనే తెల్లదొరది. 1871లో నేరస్థ తెగల చట్టం పుట్టింది. 1911లో దాన్ని మార్చి మద్రాసు రాజధానికీ తెచ్చారు. ఆ తర్వాత రెండు మూడేళ్లకు స్టువర్టుపురం సెటిల్‌మెంటు వచ్చింది. దాన్ని నడిపే పని సర్కారు సాల్వేషన్ ఆర్మీ చేతిలో పెట్టింది. హాజరు వేయించుకోవాలి. పొలిమేర దాటాలంటే పాసు కావాలి. పిల్లల్ని తల్లిదండ్రుల నుంచి విడదీయడానికి కూడా ఆ చట్టంలో చోటుంది. చీరాల పొగాకు కంపెనీకి కూలీలు కావాలి, సెటిల్‌మెంటులో మనుషులు ఉన్నారు. సంస్కరణ, కూలి పని కలిసే నడిచాయి.

సాల్వేషన్ ఆర్మీని ఇండియాకు తెచ్చిన బూత్ టక్కర్ మనలాంటి తెగల గురించి ఒక పుస్తకమే రాశాడు. దాని పేరు 'క్రిమినోక్యూరాలజీ', అంటే నేరగాళ్లకు వైద్యం చేసే శాస్త్రమట. మనం రోగం, వాళ్లు మందు. ఆ పుస్తకం చదివింది ఎవరు? సముద్రాల అవతల చందాలిచ్చేవాళ్లు, ఇక్కడి ఆఫీసర్లు. ఆ రోగులుగా చెప్పబడ్డ మా ముత్తాతల్ని ఒక్క మాట అడిగినవాళ్లు లేరు.

మంచి జరగలేదా అంటారు. జరిగింది. మావాళ్లలో మొదటి అక్షరం ఆ సెటిల్‌మెంటు బళ్లలో నేర్చుకున్నవాళ్లున్నారు. బాపట్లలో కుష్ఠు రోగులకూ, నిడుబ్రోలులో మిగతా జనానికీ ఆస్పత్రులు కట్టింది ఆ సాల్వేషన్ ఆర్మీయే. ఆ ఋణం కాదనం. కానీ చట్టం 1952లో దేశమంతటా పోయింది, ముద్ర మాత్రం పోలేదు. స్టువర్టుపురం పేరు పెట్టి సినిమాలు తీసి డబ్బు చేసుకుంటూనే ఉన్నారు. ఉద్యోగం ఇంటర్వ్యూలో ఊరి పేరు చెప్పడానికి మా పిల్లలు ఇప్పటికీ తడబడతారు.

ఆ కథకే కొత్త రూపం ఈ పది రోజుల యాత్ర. అప్పుడు దొంగ, ఇప్పుడు అనాథ. రెండు పేర్లూ ఇంకొకరు పెట్టినవే. రెండింటితోనూ చందాలు పోగయ్యాయి. మనిషిని మాత్రం ఎవరూ చూడలేదు.

యాత్ర అంటే ఇదొక్కటే పద్ధతా? కాదు. 1842లో అమెరికా నుంచి హేయర్ అనే లూథరన్ పాదిరి గుంటూరు వచ్చాడు. ఓడలో నెలల ప్రయాణం. ఇక్కడుండి బళ్లు పెట్టాడు. వెళ్లినా మళ్లీ మళ్లీ వచ్చాడు. తప్పొప్పులు తేల్చేందుకు వీలుగా మన మధ్య ఏళ్ల తరబడి కనబడ్డాడు.

ఇంకో ఉదాహరణ మన తెలుగువాడిదే. నెల్లూరు వైపు బాప్టిస్టు సంఘంలోని జాన్ రంగయ్యను 1903లో తెలుగు బాప్టిస్టులే సొంతంగా దక్షిణాఫ్రికాలోని నాటాల్‌కు పంపారు. అక్కడి చెరుకు తోటల్లో, తేయాకు తోటల్లో ఒప్పందం కూలీలుగా పోయిన తెలుగువాళ్లున్నారు. కియర్స్‌నీ అనే చోట వాళ్ల మధ్య సంఘం పెట్టాడు. 1915లో చనిపోయేదాకా ఆ పని వదల్లేదు. ఆయన ఎవరి భాషలో ప్రార్థించాడో ఆ భాషే ఆ కూలీలదీ. విదేశీ సువార్త యాత్ర అంటే మాకు తెలిసిన కొలత అది.

ఇప్పుడు వచ్చేవాళ్లలో మన ఎరుకల భాష ఒక్క ముక్క నేర్చుకున్నవాళ్లను మేము చూడలేదు. తెలుగులో 'దేవునికి స్తోత్రం' ఒక్కటే నేర్చుకుంటారు. వాళ్లందరూ చెడ్డవాళ్లని మేము అనడం లేదు. ఆ పెద్దావిడ కన్నీళ్లు నిజమే. అయితే ఆమెతో కన్నీళ్లు పెట్టించిన మాట అబద్ధం. పన్నెండు మంది రానుపోను విమానం ఖర్చే లక్షల్లో ఉంటుంది. ఆ సొమ్ముతో ఒక కాలనీలో సాయంత్రం బడి ఏళ్ల తరబడి నడుస్తుంది. దుప్పటి ఇచ్చి వెళ్లినవాళ్లకు మనకు ఇంటి పట్టా లేదని తెలియదు. ఎవరూ చెప్పరు, ఎందుకంటే పట్టా ఫోటోలో పడదు.

మత మార్పిడి అని కేకలు వేసేవాళ్లు ఈ వ్యాసం చూసి సంబరపడనక్కర్లేదు. వాళ్లు కూడా కెమెరాతోనే వస్తారు, పట్టా గురించి వాళ్లూ మాట్లాడరు. రాజ్యాంగం ప్రకారం ఎస్టీ హోదాకు మతంతో ముడి లేదు. దాన్ని తెంచాలని చూసేవాళ్లు మనకు చుట్టాలు కారు.

మరి ఏం చేద్దాం? టీము వస్తానంటే రానిద్దాం. గుమ్మంలోకి వచ్చినవాళ్లను పొమ్మనడం మన పద్ధతి కాదు. కానీ మన షరతులు మనం చెబుదాం. బడి రోజున పిల్లల్ని వరుసలో నిలబెట్టడం కుదరదు. తల్లో తండ్రో ఒప్పుకోకుండా ఫోటో లేదు. మన గురించి అక్కడ ఏం రాశారో తెలుగులో చదివి వినిపించాలి. మన పేరు మీద ఎంత వచ్చిందో, ఎంత ఖర్చయిందో కాలనీలో గోడ మీద రాయాలి. మిషనరీ పనికి వచ్చేవాళ్లకు మిషనరీ వీసా ఉంది, టూరిస్టు వీసా మీద వచ్చి ప్రసంగాలు చేయకూడదు. కేసు పడితే వాళ్లు విమానం ఎక్కుతారు, స్టేషన్ చుట్టూ తిరిగేది మన పాస్టరు. పోలీసు స్టేషన్ అంటే ఏమిటో మనకు ఎవరూ నేర్పనక్కర్లేదు.

తమ్ముళ్లారా, చెల్లెళ్లారా, రేపు మీకూ పిలుపు రావచ్చు. విదేశానికి రండి, మా చర్చిలో సాక్ష్యం చెప్పండి అంటారు. వెళ్లండి. విమానం ఎక్కడం మనకూ హక్కే. కానీ 'మా తాతలు దొంగలు, మేము మారాం' అనే సాక్ష్యం మాత్రం చెప్పకండి. ఒక చట్టం మా తాతల్ని పుట్టుకతోనే దొంగల్ని చేసింది, ఆ చట్టాన్ని అమలు చేసినవాళ్లలో మీ పెద్దలూ ఉన్నారు అని చెప్పండి. అది కూడా సాక్ష్యమే. చప్పట్లు తక్కువ పడతాయి, అంతే.

ఉపాధ్యాయులకు ఒక మాట. రెండు వైపుల భాషా తెలిసిన మనిషి కాలనీలో చాలాసార్లు మనమే. మన నోరు మూతపడితే ఆ తల్లికి ఇంకో నోరు లేదు. ఆ రోజు మేము మూసుకున్నాం. ఈసారి బస్సు ఆగితే, పిల్లవాణ్ణి ముందుకు లాగితే, మేము ఇంగ్లీషులోనే చెబుతాం: వీడికి అమ్మ ఉంది, అదిగో ఆమే.