పద్నాలుగు కర్రలు, ఒక గేటు

గత సంచికలో మిత్రులొకరు గోల్ఫు మీద రాసిన వ్యాసం రెండుసార్లు చదివాను. మొదటిసారి ఆయన తెలుగు కోసం చదివాను. ఆ తెలుగు బాగుంది. రెండోసారి చివర్లో ఆయన చేసిన సూచన కోసం చదివాను, అది బాగాలేదు. టైటానియం డ్రైవరు గొప్పదా, కార్బన్ ముఖం తొడిగిన డ్రైవరు గొప్పదా అని ఒకటిన్నర పేజీ మీమాంస చేసి, ఇంత ఖరీదైన ఆట అందరిదీ ఎలా అవుతుందని అడిగి, అక్కణ్ణుంచి ఒక్క గెంతులో క్లబ్బంటే ఇల్లు వంటిదనీ, ఇంట్లోకి ఎవర్ని రానివ్వాలన్నది ఇంటివాడి ఇష్టమనీ తేల్చేశారు. అక్కడితో ఆగి ఉంటే నేను కలం పట్టేవాణ్ణి కాను. మన తెలుగు సంఘమొకటి కూడా ఇదే బాటలో ప్రవేశ రుసుము పెంచి, సభ్యుల సంఖ్యకు కట్టడి పెట్టి, ‘స్థాయి’ కాపాడుకోవాలని సెలవిచ్చారు. ఆ సంఘం పేరు ఆయనా రాయలేదు, నేనూ రాయను. చందా కట్టేవాళ్లకు తెలుసు.

ముందు కర్రల సంగతి చూద్దాం.

గోల్ఫు నియమాల ప్రకారం ఆటగాడి సంచిలో 14 కర్రలకు మించి ఉండకూడదు. ఈ కట్టడి 1938లో అమెరికాలోనూ, మరుసటి ఏడు బ్రిటన్‌లోనూ వచ్చింది. అంతకుముందు కొందరు ఇరవై పైచిలుకు కర్రలు సంచిలో కుక్కుకుని మైదానానికి వచ్చేవారు. మోసేది వాళ్లు కాదు గదా, క్యాడీ కుర్రాడు! సరే, పై హద్దు 14. కింది హద్దు మాత్రం లేదు. ఏడు కర్రలతో ఆడినా, మూడింటితో ఆడినా నియమం ఒప్పుకుంటుంది. మిత్రులు ముచ్చటపడిన డ్రైవరు తల 460 ఘన సెంటీమీటర్లు దాటకూడదు. బంతి 45.93 గ్రాములు మించకూడదు. పైగా బంతి మరీ దూరం పోతోందనీ, దానికి కళ్లెం వేయాలనీ నియమాలు రాసే రెండు సంస్థలూ 2023 డిసెంబరులో ప్రకటించాయి. అంటే కంపెనీవాడేమో ఏటా పది గజాలు ఎక్కువ పోతుందని కొత్త కర్ర అమ్ముతాడు. నియమాలవాడేమో ఆ పది గజాలు ఎలా తగ్గించాలా అని ఆలోచిస్తాడు. ఈ ఇద్దరి మధ్యా మన మిత్రులు నిరుటి డ్రైవరును అటకెక్కించి కొత్తది కొంటారు. కొనుక్కోనివ్వండి, ఆయన డబ్బు. కాని ఆ బిల్లును చూపించి ‘ఈ ఆట కొందరిదే’ అంటే ఒప్పుకోవడం కష్టం.

ఆట చరిత్ర చెప్పేది సరిగ్గా దీనికి ఎదురు. తోలు సంచిలో ఈకలు కూరి కుట్టిన బంతితో ఆడినన్నాళ్లూ ఆట ఖరీదైనదే. పనివాడు రోజంతా కూర్చుంటే నాలుగు బంతులు తయారయ్యేవి, తడిస్తే పాడయ్యేవి. 1848 ప్రాంతంలో మలయా చెట్ల పాలతో చేసిన గట్టాపెర్చా బంతి వచ్చింది. అది చవక, మోటు, పగిలితే కరగబెట్టి మళ్లీ ఉండ చేసుకోవచ్చు. ఆ చవక బంతి వచ్చాకనే ఆట నలుగురిలోకీ పోయింది. ఆట పెరిగింది సరంజామా చవక అయినందువల్ల.

మన దేశం సంగతే చూడండి. ఇండియన్ ఓపెన్ పోటీని భారతీయ ప్రొఫెషనల్ ఆటగాళ్లలో మొట్టమొదట గెలిచిన ఆలీ షేర్ ఢిల్లీలో క్యాడీగా సంచులు మోసినవాడు, గెలిచింది 1991లో. 2009లో అదే పోటీ గెలిచిన బెంగుళూరు మునియప్పదీ క్యాడీ బతుకే. 2016లోనూ, 2017లోనూ వరసగా గెలిచిన చౌరాసియా రాయల్ కలకత్తా గోల్ఫు క్లబ్బులో పచ్చిక చూసుకునే పనివాడి కొడుకు. సభ్యులు పారేసిన, అరువిచ్చిన కర్రలతోనే ఇటువంటివాళ్లు ఆట నేర్చారు. కర్ర ఖరీదే ఆటను నిర్ణయిస్తే ఈ ముగ్గురి పేర్లూ మనకు తెలిసేవి కావు. వాళ్లను ఆపగలిగింది కర్ర కాదు, గేటు. ఆ గేటు కూడా వాళ్లు దాటింది పనివాళ్లుగా.

‘ఆట స్వభావమే అంత’ అనేవారికి ఇంకొక్క మాట. ఈ ఆటకు పుట్టిల్లుగా చెప్పుకునే సెయింట్ ఆండ్రూస్‌లో ఓల్డ్ కోర్సు ఏ క్లబ్బు ఆస్తీ కాదు. అది ఊరి ఉమ్మడి నేల. 1974లో పార్లమెంటు చేసిన చట్టం కింద ఏర్పడిన ట్రస్టు దాన్ని నడుపుతోంది. ఆదివారం మామూలుగా ఆట ఉండదు. ఊరివాళ్లు పిల్లాజెల్లాతో, కుక్కలతో ఆ పచ్చిక మీద షికారు చేస్తారు. పక్కనే ఉన్న జగత్ప్రసిద్ధమైన క్లబ్బువాళ్లు కూడా ఊరి నేల మీదనే ఆడుకోవాలి. పుట్టింట్లో లేని మడి అత్తింట్లో ఎక్కడినుంచి వచ్చింది?

ఎక్కడినుంచి వచ్చిందో మద్రాసువాళ్లకు చెప్పనక్కర లేదు. మద్రాసు క్లబ్బు 1832లో పెట్టారు. దొరల పాలన సాగినన్నాళ్లూ అందులో భారతీయుడు సభ్యుడు కాలేదు. బట్లరుగా ఉండవచ్చు, బంతి ఏరవచ్చు. 1873లో కాస్మొపాలిటన్ క్లబ్బు పుట్టింది, తెల్లవాళ్లూ మనవాళ్లూ కలిసి కూర్చునే చోటుగా. మన జమీందార్లూ, వకీళ్లూ, జడ్జీలూ మౌంట్ రోడ్డులో ఆ మెట్లెక్కారు. గర్వించదగ్గదే. కాని తమను వాకిట నిలబెట్టినవాడి మీద రోషంతో కట్టుకున్న ఇంటికి కూడా మనవాళ్లు వాకిలి అదే కొలతకు పెట్టుకున్నారు. ప్రతిపాదించేవాడొకడు, సమర్థించేవాడొకడు, కమిటీ, ఏళ్ల తరబడి నిరీక్షణ జాబితా, సభ్యుడి కొడుక్కి ముందు వరస. తెల్లవాడు పోయాడు, వాడి రిజిస్టరు మిగిలింది.

ఇప్పుడు ‘ఇల్లు’ వాదం. ఇల్లన్నాక నేల ఎవరిదని అడగాలి గదా? గిండీ గుర్రప్పందేల మైదానం సంగతి పత్రికల్లో అందరం చదివాం. 160 ఎకరాల 86 సెంట్లు. 1946లో 99 ఏళ్ల కౌలు. ఏడాదికి అద్దె 614 రూపాయల 13 పైసలు. పెన్సిలు తీసి లెక్కవేశాను: ఎకరానికి ఏడాదికి సుమారు 3 రూపాయల 82 పైసలు. ఆ ప్రాంగణంలోనే జింఖానా క్లబ్బువారి గోల్ఫు మైదానం. అద్దె పెంచుతామని ప్రభుత్వం 1970 నుంచి అంటూనే ఉంది, పందేల క్లబ్బు కాదంటూనే ఉంది. 2023 మార్చిలో మద్రాసు హైకోర్టు బకాయి 730 కోట్ల 86 లక్షలు కట్టమంది. 2024 సెప్టెంబరులో ప్రభుత్వం కౌలు రద్దు చేసి సీలు వేసింది. వ్యాజ్యాలు ఆపైన కూడా నడిచాయి. న్యాయాన్యాయాలు కోర్టులు చూసుకుంటాయి. నా ప్రశ్న చిన్నది. తేనాంపేటలో పదడుగుల గదికి నెలకు ఎంత అద్దె కడుతున్నారో ఈ పత్రిక చదివే ప్రూఫ్‌రీడర్లను అడగండి. మహానగరం నడిబొడ్డున ఎకరానికి నాలుగు రూపాయలు కూడా కట్టని సంస్థ ‘ఇది మా ఇల్లు’ అంటే, ఇంటివాడెవడు, అద్దెకున్నవాడెవడు?

ఇందులో తమాషా ఇంకొకటుంది. పన్ను వచ్చినప్పుడు క్లబ్బులు వేరే పాట పాడతాయి. క్లబ్బూ సభ్యులూ ఒకటే, తనకు తాను అమ్ముకోవడం అమ్మకం కాదు, కనుక పన్ను లేదు అని. 2019 అక్టోబరులో కలకత్తా క్లబ్బు కేసులో సుప్రీంకోర్టు ఆ వాదాన్ని అంగీకరించింది కూడా. తర్వాత 2021లో కేంద్రం జి.ఎస్.టి. చట్టాన్ని సవరించి, ఇద్దరూ వేర్వేరనే భావించాలని రాసుకుంది. పన్ను దగ్గర కుటుంబం, అద్దె దగ్గర క్రీడాభివృద్ధి సంస్థ, గేటు దగ్గర సొంతిల్లు! ఒక్క ఒంటి మీద మూడు వేషాలు. మన వీధి భాగోతంలో కూడా వేషం మార్చడానికి నటుడు తెర వెనక్కి పోతాడు.

ప్రభుత్వం పుచ్చుకున్న నేలంతా ప్రజలదైపోతుందన్న భ్రమ నాకు లేదు. గిండీలో చెరువులు తవ్వారు, 118 ఎకరాల్లో పార్కు అన్నారు. వేళచ్చేరి వరద కొంతైనా తగ్గితే సంతోషం. కాని కెథీడ్రల్ రోడ్డులో ఇలాగే చేతులు మారిన నేల మీద 2024 అక్టోబరులో తెరిచిన పార్కుకు పెద్దలకు టిక్కెట్టు 100 రూపాయలు పెట్టారు. నలుగురున్న కూలి కుటుంబానికి ఇది ఇంకొక గేటే. అయినా తేడా ఉంది. ఆ టిక్కెట్టు తగ్గించమని కౌన్సిలర్‌ను నిలదీయవచ్చు. క్లబ్బు కమిటీని ఎవరు నిలదీస్తారు?

బట్టల సంగతి మిత్రులు రాయలేదు. మరచారనుకోను. 2014 జూలైలో తమిళనాడు క్రికెట్ అసోసియేషన్ క్లబ్బులో పుస్తకావిష్కరణకు వచ్చిన హైకోర్టు న్యాయమూర్తి హరిపరంధామన్‌ను పంచె కట్టుకున్నారని లోపలికి పోనివ్వలేదు. ఆయనతోపాటు ఇద్దరు న్యాయవాదులను కూడా. న్యాయమూర్తికి జరిగింది కాబట్టి శాసనసభ కదిలింది. ఏళ్ల క్రితం ఈ ఊళ్లోనే ఒక క్లబ్బు వాకిట నా పంచెకు కూడా అదే మర్యాద జరిగింది. శాసనసభ కదలలేదు లెండి. ఆ ఆగస్టులోనే చట్టం వచ్చింది. తమిళుల వేష్టి కట్టుకున్నారనిగాని, మరే భారతీయ సంప్రదాయ దుస్తులు వేసుకున్నారనిగాని బహిరంగ స్థలాల్లో అడ్డగించకూడదు. ‘మరే’ అన్న ఆ మాటలోనే మన పంచె, మన ఉత్తరీయం ఉన్నాయి. క్లబ్బులను కూడా ఆ చట్టంలో చేర్చారు. ఇల్లే అయితే ఇంటివాడి గుమ్మంలోకి చట్టం ఎలా వచ్చిందో మిత్రులు చెప్పాలి.

బయట దేశాల్లో కూడా ఈ ‘ఇంటి’ గోడలు ఊరికే పడలేదు. అమెరికాలో ఆగస్టా క్లబ్బు 1990 దాకా నల్లవారిని, 2012 దాకా ఆడవారిని సభ్యులుగా చేర్చుకోలేదు. స్కాట్లండులో మ్యూర్‌ఫీల్డ్ 2016లో ఆడవాళ్లు వద్దని ఓటు వేసింది. ఓపెన్ పోటీ ఇక అక్కడ పెట్టమనేసరికి 2017లో ఆడవాళ్లు ముద్దొచ్చారు.

రాజ్యాంగంలో 15వ అధికరణం రెండో భాగం చదువుకుంటే మనబోటివాళ్లకు ఇంకొక సంగతి తడుతుంది. దుకాణాలు, హోటళ్లు, వినోదశాలలు, బావులు, చెరువులు, రోడ్లు – వీటి దగ్గర మతం, జాతి, కులం, లింగం, పుట్టిన చోటు పేరిట ఎవర్నీ అడ్డగించరాదంది. భాష మాట అక్కడ లేదు. పొరుగు రాష్ట్రంలో అల్పసంఖ్యాకులుగా బతికే మనం గేట్లను చూసి మురిసిపోయే ముందు ఆ జాబితా ఒకసారి చూసుకోవాలి.

పానగల్ రాజా మనవాడని పార్కు ముందు నిలబడి ఫోటోలు దిగుతాం గదా. కాళహస్తిలో పుట్టిన ఆ పానగంటి రామారాయణింగారు మద్రాసు రాష్ట్రానికి ప్రథమ మంత్రిగా ఉండగానే, 1924లో రెట్టమలై శ్రీనివాసన్ శాసనమండలిలో పెట్టిన తీర్మానం నెగ్గి ఉత్తర్వైంది. ఏ వీధిలో నడవడానికైనా, ప్రభుత్వ కార్యాలయాల్లోకైనా, ఊరుమ్మడి బావి దగ్గరికైనా ఏ కులంవారికీ అడ్డులేదని దాని సారాంశం. మన ‘స్థాయి’ ఎక్కడుందని అడిగితే నేను అక్కడ చూపిస్తాను.

ఇక మన సంఘం. మిత్రుల సూచనలో పైకి రాయని భాగం కూడా ఉంది: రుసుము పెంచగా వచ్చే డబ్బుతో పత్రికల గదిని ఖాళీచేసి, అక్కడ తెర మీద గోల్ఫు ఆడే యంత్రం పెడతారట. ఆ గదిలో రోజూ ఎందరు కూర్చుంటున్నారని ఆయన అడుగుతారు. తక్కువే, ఒప్పుకుంటాను. గది సాయంత్రం ఆరుకు తెరిచి ఎనిమిదికి మూసి, సభ్యత్వం కార్డు అడిగితే ఎవరొస్తారు? 2006 చట్టం తర్వాత ఈ రాష్ట్రంలో బడిపిల్లలకు తమిళం తప్పనిసరి అయింది. తమిళం నేర్చుకోవడం మంచిదే, ఈ నేల తిండి తింటున్నాం. కాని తెలుగు అక్షరం పిల్లవాడి కంట పడే చోట్లు ఒక్కొక్కటే పోతున్నాయి. కార్పొరేషన్ పారిశుద్ధ్య పనివారిలో తెలుగు మాట్లాడే కుటుంబాలు ఎన్నో ఉన్నాయి. ఇంట్లో తెలుగు, బళ్లో తమిళం, చదవడానికి తెలుగు పుస్తకం ఒక్కటీ లేని పిల్లలు వాళ్లు. ‘మద్రాసు మనదే’ అని ఒకప్పుడు గొంతు చించుకున్నాం. ఆ ‘మన’లో వాళ్లు ఉన్నారా, లేరా? ఉన్నారంటే ప్రవేశ రుసుము వాళ్ల ఆరు నెలల జీతమంత ఎందుకు?

యంత్రం మీద నాకు పగ లేదు. మిత్రులు తమ ఇంట్లో పెట్టుకోవచ్చు. అది నిజంగా ఆయన ఇల్లే.

వచ్చే సర్వసభ్య సమావేశంలో రుసుము తీర్మానం వస్తుందని కార్యదర్శి నోటీసు పంపారు. నేనొక సవరణ రాసి ఇచ్చాను. రుసుము పాతదే ఉండాలి. పత్రికల గదిని ఆదివారాలు ఉదయం తొమ్మిది నుంచి ఒంటిగంట దాకా, సభ్యులైనా కాకున్నా, తెలుగు చదవాలని వచ్చిన వారందరికీ తెరవాలి. తాళంచెవి కార్యదర్శి దగ్గర కాక వాచ్‌మన్ దగ్గర ఉండాలి. సవరణ చర్చకు రావాలంటే సమర్థించే సభ్యుడొకరు కావాలట. అది కూడా దొరల రిజిస్టరులోని నియమమే. ఇంతవరకు ఎవరూ ముందుకు రాలేదు. గడువు ఈ నెల 25.