నంబరు ఎవరి పేరున ఉంది?

గోవాడ అనగానే ఎవరికైనా గుర్తొచ్చేది సహకార చక్కెర కర్మాగారం. చోడవరం పక్కనున్న ఈ ఊరు 2022 ఏప్రిల్ దాకా విశాఖపట్నం జిల్లాలో ఉండేది, ఇప్పుడు అనకాపల్లి జిల్లాలో ఉంది. ఇక్కడ చెరకు రైతుని ఎవరిని కదిపినా మాట తూకం దగ్గరికొస్తుంది. కాటా ఎంత కొత్తది, ఎంత వేగంగా తూస్తుంది అన్నది రైతుకి తర్వాతి సంగతి. అది ఎవరి చేతిలో ఉందన్నదే ముందు చూస్తాడు. అలాంటి ఊరికి ఆడవాళ్ల వ్యాపారాన్ని మదింపు చెయ్యడానికి వెళ్లి, ఆ ఒక్క ప్రశ్నా వెయ్యకుండా తిరిగొచ్చిన పరిశోధకురాలిని నేను. ఈ వ్యాసం ఆ తప్పులోంచి పుట్టింది కనుక ముందే ఒప్పుకోవడం న్యాయం.

ఒకే పొదుపు సంఘంలోని ఐదుగురు స్త్రీలు బెల్లం పొడి, నువ్వుండలు, సంక్రాంతికి అరిసెలు చేసి అమ్ముతారు. ఆర్డర్లు ఫోన్‌లో వస్తాయి, డబ్బు ఫోన్‌లో పడుతుంది, సరుకు బస్సు పార్శిల్‌లోనో స్పీడ్ పోస్టులోనో వెళుతుంది. వాళ్లు వాడే సాధనాలు ఎలా పనిచేస్తున్నాయో చూసి మార్కులు వెయ్యమని ఒక శిక్షణ సంస్థ నన్ను పంపింది. సంస్థ ఇచ్చిన పట్టికలో ఖర్చు, వేగం, నేర్చుకునే సులువు, భద్రత అని గళ్లున్నాయి. వాట్సాప్ బిజినెస్‌కి పదికి తొమ్మిది వేశాను. యూపీఐకీ తొమ్మిదే. చిరునామాలు, బాకీలు రాసుకునే నోటుపుస్తకానికి మూడు వేసి, ‘ఇంకా పాత పద్ధతే’ అని పక్కన ఒక చురక కూడా అంటించాను.

ఆ ఫోన్ నంబరు వాళ్లలో ఒకామె భర్త పేరున ఉంది. డబ్బు పడేదీ అతని ఖాతాలోనే. మొదలుపెట్టిన రోజున ఆధారు, బ్యాంకు, సిమ్ము మూడూ సరిగ్గా కలిసి ఉన్నది అతనికొక్కడికే, అందుకని అలా అయింది. కుట్ర ఏమీ లేదు. పితృస్వామ్యానికి ప్రతిసారీ కుట్ర అవసరం ఉండదు, కాగితాలు ముందునుంచే మగవాళ్ల పేరున ఉంటే చాలు.

సంక్రాంతికి నెల ముందు అతను ఆమెను కొట్టాడు. కొట్టడం మొదటిసారి కాదు, ఆమె పుట్టింటికి వెళ్లిపోవడం మొదటిసారి. ఫోన్ అత్తవారింట్లో ఉండిపోయింది. ఆర్డర్లు మాత్రం ఆగలేదు. అతను బయట అరిసెలు కొని అదే పేరుతో, అదే ఫొటోలతో పంపాడు. డబ్బు అతని ఖాతాలో పడింది. బెల్లం అప్పు తెచ్చి, బియ్యప్పిండి ఆడించి సిద్ధంగా ఉన్న మిగతా నలుగురికీ పండగ నెలలో ఒక్క ఆర్డరు అందలేదు. ‘పాకం పట్టినది మేం, పేరు తెచ్చినది మేం. ఆ నంబరొక్కటే ఆడిది మేడంగారూ, ఆ నంబరే అంతా అయిపోనాది’ అందొకామె. ఆ మాటకి నా పట్టికలో గడి లేదు.

సాంకేతికత తెలిసినవాళ్లు ఇక్కడ ఒక సలహా ఇస్తారు. ఒక ఖాతాను అదనంగా మరి నాలుగు పరికరాల్లో తెరుచుకోవచ్చు కదా, ఐదుగురూ కలిసి వాడుకోవలసింది అని. నిజమే, తెరుచుకోవచ్చు. కానీ ఆ నలుగురినీ ఏ క్షణంలోనైనా బయటికి నెట్టే అధికారం మూల ఫోన్‌ది. ఉమ్మడి కుటుంబంలో కోడలికి వంటింట్లో ఉన్నంత ‘భాగస్వామ్యం’ అది.

పొదుపు సంఘాల మీద స్త్రీవాదులకు మొదటినుంచీ అనుమానాలున్నాయి. 1992లో దూబగుంట నుంచి సారాకి వ్యతిరేకంగా లేచిన స్త్రీలను ఆ తర్వాతి ఏళ్లలో పొదుపు పుస్తకాల ముందు కూర్చోబెట్టారన్న విమర్శలో బలం ఉంది. అప్పు ఇచ్చేవాడికి సంఘం ఎంత సులువైన తాడో 2010లో చూశాం. సూక్ష్మరుణ సంస్థల వసూళ్లకి మనుషులు ప్రాణాలు తీసుకున్నాక ఆ అక్టోబరులో రాష్ట్ర ప్రభుత్వం ఆర్డినెన్సు తేవలసి వచ్చింది. అయినా సంఘంలో ఒక పద్ధతి ఉంది, దాన్ని మనం తక్కువ అంచనా వేశాం. నలుగురూ కూర్చుని తీర్మానం రాయాలి. ఇద్దరు సంతకం పెడితేగాని ఖాతాలోంచి రూపాయి కదలదు. ఏ భర్తా ఏ కొడుకూ ఒంటిచేత్తో ఆ డబ్బు తియ్యలేడు. ఆ ఐదుగురి పొదుపు డబ్బు ఈ రోజుకీ క్షేమంగా ఉన్నది అందుకే. వ్యాపారం డబ్బు మాత్రం 2016లో వచ్చిన యూపీఐ మీద, ఒక్క నంబరు మీద, ఒక్క పిన్ మీద నడిచింది. సంతకాలు రెండు నుంచి ఒకటికి తగ్గాయి. దీన్ని మనం ‘ముందడుగు’ అని శిక్షణ శిబిరాల్లో చప్పట్లు కొట్టి మరీ నేర్పాం.

వేగం సంగతి కూడా చెప్పాలి. త్వరగా జవాబిస్తే ఎక్కువ మార్కులన్నారు. జవాబిచ్చేది ఎవరు? రాత్రి పదింటికి అంట్లు తోముతూ తడిచేతులు కొంగుకి తుడుచుకుని ‘స్టాకు ఉందండి’ అని పంపేది ఎవరు? ఆ పని ఏ లెక్కలోనూ కూలిగా ఎక్కదు. ఇక ఫొటోలు. ముదురు రంగు బెల్లం ఫొటోలో మురికిగా కనబడుతుంది, హైడ్రోస్ వేసి రంగు తేల్చినది బంగారంలా మెరుస్తుంది. నిజాయితీగా వండిన బెల్లానికి కెమెరా ముందు నష్టమే.

‘ఆడవాళ్ల పేరునే సిమ్ తీసుకోవచ్చు కదా, ఎవరు కాదన్నారు?’ అని అడిగేవాళ్లుంటారు. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో తాము స్వయంగా వాడుకునే మొబైల్ ఉన్న స్త్రీలు 48.9 శాతం. ఒక్కసారైనా ఇంటర్నెట్ వాడిన స్త్రీలు 21 శాతం, పురుషులు 48.8 శాతం. ఈ తేడా మీద కట్టిన వ్యాపారంలో ‘ఎవరు కాదన్నారు’ అన్న ప్రశ్నకి అర్థం లేదు. పెద్ద అమ్మకపు వేదికలకి పొమ్మని మరికొందరు సలహా ఇస్తారు. 2023 అక్టోబరు 1 నుంచి జీఎస్‌టీ నమోదు లేని చిన్న అమ్మకందారులు కూడా వాటి మీద సరుకు అమ్మవచ్చన్నారు, సొంత రాష్ట్రం లోపల మాత్రమే. అరిసెల కోసం మొహం వాచిపోయిన మన పిల్లలున్నదేమో హైదరాబాదులో, బెంగుళూరులో! అక్కడైనా పాన్ కార్డు కావాలి. మళ్లీ అదే ప్రశ్న, ఎవరి పాన్?

గృహహింస నుంచి స్త్రీలకు రక్షణ కల్పించే 2005 చట్టం ఆర్థిక హింసను హింసగా గుర్తించింది. దాని 18వ సెక్షన్ కింద మేజిస్ట్రేటు భర్తను ఆమె పనిచేసే చోటికి రాకూడదని ఆదేశించవచ్చు, అతని ఒక్కడి పేరున ఉన్న బ్యాంకు ఖాతానైనా వాడకుండా ఆపవచ్చు. ఫోన్ ప్రస్తావన కూడా ఆ సెక్షన్లో ఉంది, ఆమెను వేధించడానికి ఫోన్ చెయ్యకూడదని. ఆమె జీవనాధారంగా ఫోన్ నంబరు ఊహ చట్టం రాసిననాటికి ఎవరికీ లేదు. ఇప్పుడు ఈమె పనిచేసే చోటే ఆ నంబరు. దుకాణం వీధిలో ఉంటే తాళం ఎవరు పగలగొట్టారని ఊరు అడుగుతుంది. నంబరులో ఉంటే ‘వాడి ఫోన్ వాడిది’ అంటుంది. రక్షణ అధికారులూ మన న్యాయవాద మిత్రులూ నంబరును, కొనుగోలుదారుల జాబితాను ఆమె పని స్థలంగా, ఆస్తిగా చూపించి ఆదేశాలు అడగాలి. ఒక్క మేజిస్ట్రేటు ఒప్పుకున్నా అది పదిమందికి దారి.

అంతదాకా చెయ్యగలిగింది చెయ్యాలి. సంఘం తీర్మానం రాసి ఒక సభ్యురాలి పేరున సిమ్ తియ్యాలి, ఆమె మానేస్తే ఏమవుతుందో అందులోనే రాసుకోవాలి. ఇద్దరి సంతకాలున్న ఖాతాకే క్యూఆర్ కోడ్ ఇమ్మని బ్యాంకు మీద ఒత్తిడి తేవాలి. శిక్షణ ఇచ్చే సంస్థలు, నన్ను పంపిన సంస్థతో సహా, మొదటి గడిలో పేరు ఎవరిదని అడగాలి. జవాబు మగవాడి పేరైతే మిగతా గళ్లు నింపడం అనవసరం.

ఫిబ్రవరిలో ఐదుగురూ కొత్త సిమ్ తీసుకున్నారు. పుట్టింట్లో ఉన్న ఆమె పేరునే తియ్యాలని నలుగురూ పట్టుబట్టారు. నేను మూడు మార్కులు వేసిన నోటుపుస్తకంలో పార్శిల్ పంపిన ప్రతి ఇంటి చిరునామా, ఫోన్ నంబరు చేతిరాతతో ఉన్నాయి. రోజూ మధ్యాహ్నం ఒకరు పేజీ చదువుతుంటే ఇంకొకరు నంబరు నొక్కుతున్నారు. ఇప్పటికి సగం పుస్తకం అయింది. కొత్త నంబరు చూసి మోసమేమోనని కొందరు ఎత్తడం లేదు. ఎత్తినవాళ్లలో కొందరు, ‘మొన్న పండక్కి పంపిన అరిసెలు అంత బాగా లేవమ్మా’ అంటున్నారు.