గొంతు చెప్పిన నిజం

ఇస్సాకు ముసలివాడయ్యాడు. ఎదుట ఉన్నది ఎవరో పోల్చుకోలేనంతగా చూపు మందగించింది. కన్నుమూసేలోగా పెద్దకొడుకు ఏశావును దీవించాలని ఆయన కోరిక. వేటాడి తెచ్చి, తనకిష్టమైన మాంసం వండి పెట్టమని అతణ్ణి అడవికి పంపాడు. ఆ మాట తల్లి రిబ్కా చెవిన పడింది. ఆమె ప్రేమంతా చిన్నకొడుకు యాకోబు మీద. వెంటనే మంద నుంచి రెండు మేకపిల్లలను తెప్పించి, భర్తకు నచ్చే రుచితో తానే వండింది. ఏశావు ఒళ్లంతా రోమాలు. యాకోబుది నునుపైన ఒళ్లు. అందుకని మేకపిల్లల తోలును యాకోబు చేతులకూ మెడకూ చుట్టింది. అన్న బట్టలు తొడిగించి, వంటకం చేతికిచ్చి, తండ్రి దగ్గరికి పంపింది.

బైబిల్ ఆదికాండం 27వ అధ్యాయంలోని ఈ కథను అందరూ తమ్ముడు అన్నకు చేసిన ద్రోహంగానే చెప్పుకుంటారు. తండ్రి వైపు నుంచి చూస్తే మరో సంగతి బయటపడుతుంది. చూపు లేని ఇస్సాకు తనకు మిగిలిన నాలుగు జ్ఞానేంద్రియాలనూ ఆ పూట వాడాడు. మాట విన్నాడు. చేతులు తడిమి చూశాడు. వంటకం రుచి చూశాడు. దగ్గరకు పిలిచి ముద్దుపెట్టించుకుని బట్టల వాసన చూశాడు. ఇన్ని చేసినా మోసపోయాడు.

మేకతోలు చేతిని మాయచేసింది. వంటకం నాలుకను మాయచేసింది. అన్న బట్టలు ముక్కును మాయచేశాయి. గొంతుకు తొడిగే ముసుగు మాత్రం రిబ్కాకు దొరకలేదు. ఆ గొంతు చిన్నవాడిదేనని ఇస్సాకు గుర్తుపట్టాడు, ఆ మాట పైకే అన్నాడు కూడా. అనుమానం తీరక, నువ్వు నిజంగా ఏశావువేనా అని మళ్లీ అడిగాడు. అవునన్న జవాబుతో సరిపెట్టుకున్నాడు.

చెవి చెప్పిన నిజాన్ని ఆయన ఎందుకు పక్కన పెట్టాడు? రెండధ్యాయాల ముందే దానికి జవాబుంది. ఏశావు తెచ్చే వేటమాంసమంటే ఇస్సాకుకు ప్రీతి. ఆ మాంసం వల్లే ఆ కొడుకంటే మమకారం. ఎదురుచూస్తున్న రుచి నాలుకకు తగలగానే, మనసు మిగతా సాక్ష్యాన్ని కొట్టిపారేసింది. కావాలనుకున్నదే నిజమని నమ్మడానికి మనిషి ఎంత తొందరపడతాడో చెప్పే ఘట్టమిది.

దాని ఫలితం చిన్నది కాదు. ఏశావు వేట నుంచి తిరిగొచ్చాక తండ్రి గడగడ వణికాడు. అన్న పగకు భయపడి యాకోబు ఇల్లు విడిచిపోయాడు. మామ ఇంట 20 ఏళ్లు కొలువు చేశాడు. రిబ్కా ఆ కొడుకును మళ్లీ చూసినట్టు బైబిల్‌లో ఎక్కడా లేదు. ఏళ్లు గడిచాక యాకోబు కొడుకులే యోసేపును అమ్మేసి, అతని అంగీని మేక రక్తంలో ముంచి తెచ్చి తండ్రికి చూపించారు. యాకోబు కళ్లారా చూశాడు, నమ్మాడు, ఏడ్చాడు. మేకనూ బట్టనూ అడ్డం పెట్టుకుని తండ్రిని మోసగించినవాడు, అదే మేకతో, అదే విధంగా బట్టతో మోసపోయాడు.

కళ్లూ చెవులూ ఉన్నంత మాత్రాన సత్యం తెలిసిపోదని దీని సారం. హెబ్రీయులకు రాసిన పత్రిక అయిదో అధ్యాయం చివర ఈ సంగతే ఉంది. పసిబిడ్డకు పాలు చాలు. ఎదిగినవాడికి గట్టి ఆహారం కావాలి. ఎదిగినవాడంటే ఎవరు? మంచి ఏదో చెడు ఏదో తేల్చుకునేలా జ్ఞానేంద్రియాలను అభ్యాసంతో సాధన చేయించినవాడు. బిడ్డ నుదుటి మీద చెయ్యి వేసి జ్వరం ఎంతుందో తల్లి చెబుతుంది. పొయ్యి మీది పులుసులో ఉప్పు తగ్గిందని అమ్మమ్మ చుక్క రుచితోనే పసిగడుతుంది. గీటురాయి మీద ఒక్క గీతతో కంసాలి బంగారం వన్నె తేలుస్తాడు. వీళ్లకున్నవీ అందరికీ ఉన్న ఇంద్రియాలే. తేడా ఏళ్ల తరబడి చేసిన సాధనలో ఉంది. భక్తిలోనూ అంతే.

సాధన లేనివాడి దగ్గర ఒకే వాసన రెండు రకాలుగా ఎలా మారుతుందో యోహాను సువార్త 12వ అధ్యాయంలో కనిపిస్తుంది. పస్కా పండుగకు ఆరు రోజుల ముందు యేసు బేతనియకు వచ్చాడు. భోజనాల వేళ లాజరు చెల్లెలు మరియ జటామాంసి అత్తరు తెచ్చి ఆయన పాదాలకు పూసి, తన తలవెంట్రుకలతో తుడిచింది. జటామాంసి మన హిమాలయాల్లో పెరిగే మొక్క. అంత దూరం నుంచి వచ్చిన సుగంధం కాబట్టే అంత ఖరీదు. ఇల్లంతా ఆ పరిమళంతో నిండిపోయింది. యూదా ఇస్కరియోతు ముక్కుకూ అదే పరిమళం తగిలింది. అతను వెంటనే 300 దేనారాలని లెక్కకట్టాడు. దేనారమంటే కూలివాడి ఒక రోజు సంపాదన. బీదలకు ఇవ్వచ్చు కదా అని పైకి అన్నాడు. డబ్బు సంచి అతని దగ్గరే ఉండేదనీ, అందులోంచి దొంగిలించేవాడనీ యోహాను రాశాడు. యేసుకు మాత్రం ఆ పరిమళంలో తన సమాధి దినం గుర్తుకొచ్చింది. ఒకరికి ప్రేమ, ఒకరికి ధర, ఒకరికి రాబోయే మరణం. ముగ్గురూ పీల్చింది ఒకే గాలి.

ఆ సమాధి దినం దాటాక, సిలువ వేయబడిన యేసు తిరిగి లేచాడని సువార్తలు చెబుతాయి. అక్కడ కూడా ఒక్కొక్కరు ఒక్కో ఇంద్రియంతో ఆయన్ని గుర్తించారు. మగ్దలేనే మరియ ఎదుటే చూసింది, కానీ తోటమాలి అనుకుంది. పేరు పెట్టి పిలిచిన గొంతు వినగానే పోల్చుకుంది. సుమారు 11 కిలోమీటర్ల ఎమ్మాయు దారిలో ఇద్దరు శిష్యులు ఆయనతో మాట్లాడుతూ నడిచారు. ఆయన రొట్టె విరిచినప్పుడు గానీ వాళ్ల కళ్లు తెరుచుకోలేదు. భూతమేమోనని భయపడినవారి ముందు ఆయన కాల్చిన చేప తిన్నాడు. గాయాలను ముట్టుకుంటే తప్ప నమ్మనన్నాడు తోమా. ఎనిమిది రోజుల తర్వాత ఆయనే ఎదుటికొచ్చి ముట్టి చూడమన్నాడు. తోమా ముట్టాడని మాత్రం సువార్తలో లేదు. చూసి, విని, నమ్మాడు. అనుమానించిన శిష్యుణ్ణి ఆయన కసరి పంపకపోవడం గమనించాల్సిన సంగతి. పరీక్షించి తెలుసుకోవాలన్న కోరికకు అక్కడ చోటు దొరికింది.

ఇక పేతురు. యేసును పట్టుకున్న రాత్రి, ప్రధాన యాజకుడి ఇంటి ముంగిట బొగ్గుల మంట దగ్గర చలి కాచుకుంటూ, ఆయనెవరో తనకు తెలియదన్నాడు. అలా మూడుసార్లు అన్నాడు. తర్వాత ఒక తెల్లవారుజామున తిబెరియ సముద్రం ఒడ్డున యేసు బొగ్గులు రాజేసి, చేపా రొట్టె సిద్ధం చేసి శిష్యులను పిలిచాడు. ఆ రకమైన బొగ్గుల మంటకు వాడిన గ్రీకు మాట కొత్త నిబంధన మొత్తంలో ఈ రెండు చోట్లే ఉంది. ఆ సెగ, ఆ పొగ పేతురుకు దేన్ని గుర్తుచేసి ఉంటాయో ఊహించడం కష్టం కాదు. ఆ మంట దగ్గరే యేసు అతణ్ణి ముమ్మారు అడిగాడు, నన్ను ప్రేమిస్తున్నావా అని. తప్పు జరిగిన చోటి వాసనలోనే క్షమాపణ కూడా దొరికింది.

నేటికీ చర్చిల్లో ప్రభువు బల్ల ఆరాధనలో ఈ అయిదూ కలుస్తాయి. వాక్యం చెవికి, విరిచిన రొట్టె కంటికి, చేతికి, ద్రాక్షరసం ముక్కుకూ నాలుకకూ అందుతాయి. అయినా పొరపాటుకు అవకాశం ఉంది. కొరింథులోని సంఘంలో ఆ బల్ల దగ్గర ఉన్నవాళ్లు ముందే కడుపారా తిని తాగి మత్తెక్కితే, లేనివాళ్లు ఆకలితో కూర్చున్నారు. అది ప్రభువు భోజనం కాదని పౌలు మొదటి పత్రికలో తేల్చి చెప్పాడు. ప్రభువు శరీరమేదో వివేచించకుండా తినేవాడు తన మీదికి తానే శిక్ష తెచ్చుకుంటాడని హెచ్చరించాడు.

రొట్టె రుచి వాళ్ల నాలుకకు తెలిసింది. పక్కన కూర్చున్నవాడి ఆకలి వాళ్ల కంటికి ఆనలేదు. ఇస్సాకుకు జరిగిందీ ఇదే. ఆ రోజు ఇష్టమైన వంటకం పళ్లెంలో ఉంది, నిజం చెవి దగ్గర ఉంది. ఆయన చెయ్యి పళ్లెం వైపే వెళ్లింది.