దోషం లిపిది కాదు, గడిది

తెలుగు లిపి కంప్యూటరుకు లొంగేది కాదని, అందుకే తొలితరం గృహ కంప్యూటర్లలో దానికి చోటు దక్కలేదని చదువుకున్నవారు కూడా అంటుంటారు. ఆ మాటకు తోకగా లిపిని సంస్కరించాలనే ఉచిత సలహా ఒకటి. ఈ వాదాన్ని నేను అంగీకరించను. ఏలూరులో కూర్చుని, బీబీసీ మైక్రోకు ఎమ్యులేటరు మీద కొల్లేటి పక్షుల పేర్లు నేర్పే చిన్న ప్రోగ్రాము రాస్తూ చెబుతున్న మాట ఇది.

ఆ యంత్రమే ఎందుకంటే, ఏకార్న్ సంస్థ 1981లో విడుదల చేసిన ఆ కంప్యూటరును మన ప్రభుత్వం 1984-85లో 'క్లాస్' పథకం కింద 250 బడులలో ప్రయోగాత్మకంగా పెట్టింది. దాని రోములో తెలుగు అక్షరం ఒక్కటీ లేదు.

ఇబ్బందులు లేవనను. దాని అక్షరపు గడి ఎనిమిది చుక్కల వెడల్పు, ఎనిమిది చుక్కల ఎత్తు. ఆంగ్లాక్షరం అందులో హాయిగా కాళ్ళు చాపుకుంటుంది. మా ఊరి పక్కన పారే తమ్మిలేరును రాసి చూడండి. 'మ్మి'లో పైన గుడి, నడుమ మకారం, కింద వత్తు. మూడంతస్తుల మేడను ఎనిమిది గీతల్లో కట్టమంటే ఎలా? కనుక గడి మీద గడి పెట్టి పదహారు గీతలు చేసుకోవాలి. పోనీ యంత్రమిచ్చే 'వీడీయూ 23' ఆజ్ఞతో సొంత అక్షరాలు చేసుకుందామా అంటే, అదనపు మెమొరీ అడగకుండా దొరికేవి 32. టెలిటెక్స్టు తెరలోనైతే ఆ వెసులుబాటూ లేదు, అక్షరాలు చిప్పులోనే అచ్చయి ఉంటాయి. అదే చిప్పును హీబ్రూకు, సిరిలిక్‌కు వేరుగా తయారు చేశారు సుమా!

కనుక అక్షరాన్ని మనమే తెర మీద గీసుకోవాలి. 'మోడ్ 4' తెర పది కిలోబైట్లు మింగుతుంది. ఒక గడి తాలూకు ఎనిమిది బైట్లు వరుసగా ఉంటాయి గాని, దాని కింది గడి 320 బైట్ల అవతల ఉంటుంది. ప్రాసెసరుకు గుణకారం రాదు. చేతిలో ఉండేవి మూడు రిజిస్టర్లు. డిస్కు తన వాటా తీసుకోగా మనకు మిగిలేది 16,128 బైట్లు.

ఇప్పుడు లెక్క చూద్దాం. 35 హల్లులకు 13 గుణింతాల చొప్పున 455 రూపాలు. పదహారు చుక్కల చదరంలో ఒక్కో రూపానికి 32 బైట్లు, వెరసి 14,560. వత్తులు ఇంకా రానేలేదు, ఇల్లు నిండిపోయింది. లిపిని దోషిగా నిలబెట్టేది ఇక్కడే. కాని ప్రతి గుణింతాన్నీ పోతపోసి పెట్టుకోమన్నదెవరు? తెలుగు టైపురైటరు అలా చేయలేదు. తలకట్టు, గుడి, కొమ్ము, వత్తు విడివిడిగా కొట్టి అక్షరాన్ని కట్టింది. అదే పద్ధతిలో నాకు 120 ముక్కలు చాలాయి: 3,840 బైట్లు. మిగిలింది సరిగ్గా 12 కిలోబైట్లు. ఘొ, మో, హా వంటి మొండి రూపాలకు చిన్న పట్టిక. అక్షరానికో బైటు చొప్పున దాచితే 'తాడేపల్లిగూడెం' పద్నాలుగు బైట్లలో ఒదిగిపోతుంది. నేటి యూటీఎఫ్-8లో అదే పేరుకు 42 కావాలి.

అప్పట్లో ఈ తెలివి ఎవరికి ఉందంటారా? కాన్పూరు ఐఐటీలో భారతీయ లిపుల మీద పని జరిగింది ఆ దశాబ్దంలోనే. ఆ పనే తరువాత సీడాక్ వారి 'జిస్ట్' కార్డయింది. తెలివి ఉన్నది, బడి యంత్రం దాకా దాన్ని తీసుకెళ్ళాలన్న పట్టింపు లేకపోయింది. ఆ లోటును లిపి నెత్తిన రుద్దడం అన్యాయం. చేపల చెరువుల గట్లు వేసి, సరస్సే ఎక్కువ చోటు ఆక్రమించిందన్నట్టుంది ఈ వాదం. కొల్లేట్లో ఆ గట్లను 2006లో పేల్చవలసి వచ్చింది.

నా ప్రోగ్రాములో 'గూడబాతు' చక్కగా వస్తున్నది. 'రాష్ట్రం' రావడం లేదు. రెండు వత్తులకు కింద చోటు చాలక రెండోదాన్ని పక్కకు జరుపుతున్నాను, చూడడానికి వికారంగానే ఉంది. 2015 నుంచి తాడేపల్లిగూడెంలో నిట్ ఉన్నది, ఏలూరులో సి.ఆర్. రెడ్డి కళాశాల ఎప్పటినుంచో ఉన్నది. లిపిని సంస్కరించాలనే పెద్దలు ముందుగా ఈ ఒక్క వత్తును విద్యార్థులకు ప్రాజెక్టుగా ఇచ్చి చూడమని కోరుతున్నాను. మెమొరీ ఇంకా మిగిలే ఉన్నది.