దెయ్యాన్ని చూపించండి, పక్కింటి అవ్వను కాదు



పోయిన సోమవారం మన సంఘంలోని ఒక కుటుంబం పెళ్ళి బట్టలు తీసుకోవడానికి సుల్తాన్ బజార్ వెళ్తూ నన్నూ మా ఆవిడనూ కూడా రమ్మన్నారు. వాళ్ళు చీరలు చూస్తుంటే నేను కోఠిలో పాత పుస్తకాల కొట్ల వైపు నడిచాను. అక్కడ యండమూరి వీరేంద్రనాథ్ గారి 'తులసి దళం' పాత కాపీ ఒకటి కనబడితే కొన్నాను. ఇంకా ఇంటికి చేరనే లేదు, ఫోన్‌లో మెసేజ్ వచ్చింది. "అయ్యగారూ, మీరు చేతబడి పుస్తకం కొన్నారట. మీరే ఇలా చేస్తే మా పిల్లలకి ఏం చెప్పుకోవాలి?" మర్నాడు ఇంకో ఇద్దరు అదే అడిగారు. అడగడం మంచిదే. ఒక్కొక్కరికి విడిగా చెప్పేకంటే అందరికీ ఇక్కడే జవాబు రాస్తున్నాను.

ముందు ఒక సంగతి ఒప్పుకుంటాను. నాకు భయం సినిమాలంటే ఇష్టం. మారుమనస్సు పొందకముందూ ఇష్టమే, పొందాకా ఇష్టమే. 1992లో నాకు పందొమ్మిదేళ్ళు. సుల్తాన్ బజార్‌లో ఒక బట్టల కొట్లో పని చేసేవాణ్ణి. రాత్రి షట్టర్ దించాక జేబులో డబ్బులుంటే అబిడ్స్ వైపు సెకండ్ షోకి పోయేవాణ్ణి. ఆ ఏడే రామ్ గోపాల్ వర్మ తీసిన 'రాత్రి' వచ్చింది. అమీర్‌పేటలో వీడియో క్యాసెట్ల షాపు నడిపిన మనిషి తీసిన సినిమా అని కుర్రాళ్ళం గొప్పగా చెప్పుకునేవాళ్ళం. రేవతి గారి ఆ చూపు ఇప్పటికీ గుర్తుంది. సినిమా అయ్యాక కోఠి రెసిడెన్సీ గోడ పక్కగా ఒంటరిగా నడిచి వస్తుంటే, లోపల తెల్లదొరల సమాధులున్నాయన్న సంగతి గుర్తొచ్చి, నా చెప్పుల చప్పుడుకి నేనే ఉలిక్కిపడ్డాను. ఆ రాత్రి లైటు ఆర్పకుండా పడుకున్నాను. పొద్దున్నే లేచి మళ్ళీ చీరలు మడతపెట్టాను. నా భయం వల్ల ఎవరికీ ఏ హానీ జరగలేదు.

ఈ చివరి మాట గుర్తుపెట్టుకోండి. నేను చెప్పబోయేదంతా దాని మీదే ఉంది.

"దెయ్యం సినిమా చూస్తే దురాత్మకు తలుపు తీసినట్టే" అని కొందరు దైవజనులు బోధిస్తున్నారు. చిన్నపిల్లలకి చూపించవద్దంటే నేనూ ఒప్పుకుంటాను. పసివాళ్ళ నిద్ర పాడుచేసే హక్కు మనకి లేదు. కానీ టికెట్ కొన్నంత మాత్రాన అపవాది వచ్చి మనలో కూర్చుంటాడనడం ప్రభువు కాపుదలను బాగా తక్కువ చేసి మాట్లాడటమే. మనం కాపలా కాయవలసిన తలుపు ఒకటుంది, కానీ అది వేరే చోట ఉంది.

కత్తి పట్టుకుని మనుషుల వెంటపడి చంపే సినిమాలనే చూడండి. 1960 నాటి 'సైకో', 1978 నాటి 'హాలోవీన్' లాంటివి. వాటిని చవకబారు సినిమాలంటారు. చాలావరకు నిజమే, రక్తం చూపించడం తప్ప ఏమీ లేనివి నేనే ఎన్నో చూశాను. కానీ మంచివి ఒక నిజం చెప్తాయి. చంపేది మనిషే అని. మన తెలుగులో వంశీ గారి 'అన్వేషణ' 1985లో వచ్చింది. అడవిలో మనుషులు చచ్చిపోతుంటే అందరూ పులి పని అనుకుంటారు. చివరికి చూస్తే పులి పేరు చెప్పుకుని చంపినవాడు మనిషి. నేరం ఒకరి మీద, చేసింది ఇంకొకరు. ఇంతకంటే బైబిలుకి దగ్గరగా ఉన్న కథ ఏముంది? ఆదాము హవ్వ మీద వేశాడు, హవ్వ సర్పం మీద వేసింది.

2007 ఆగస్టు 25 సాయంత్రం కోఠిలో గోకుల్ చాట్ దగ్గర, లుంబినీ పార్కులో బాంబులు పేలి నలభై మందికి పైగా చనిపోయారు. అప్పటికి నేను ఊళ్ళో సేవలో ఉన్నాను. వార్త వినగానే ఆ కూడలి కళ్ళముందు కదిలింది. పనిరోజుల్లో రోజూ దాటిన చోటు అది. అక్కడికి ఏ దెయ్యమూ రాలేదు. చేతులున్న మనుషులు వచ్చి పెట్టి వెళ్ళారు.

ఇక అసలు దెయ్యాల సినిమాలు. 1973లో వచ్చిన 'ది ఎక్సార్సిస్ట్' పేరు చెప్తేనే మన విశ్వాసులు చెవులు మూసుకుంటారు. కానీ ఆ సినిమాలో తల్లి ముందు కూతుర్ని ఎక్కడికి తీసుకెళ్ళింది? డాక్టర్ల దగ్గరికి. ఒకటి కాదు, ఎన్నో పరీక్షలు చేయించింది. ఆ తర్వాత వచ్చిన యువ ఫాదర్ కూడా మానసిక వైద్యం చదివినవాడే, అంత తొందరగా దెయ్యమని ఒప్పుకోడు. మన దగ్గర? ఫిట్స్ వచ్చిన పిల్లని స్టేజీ ఎక్కించి, రెండు నిమిషాల్లో దురాత్మ అని తేల్చేస్తున్నాం. ఆ సినిమాలోని ఫాదర్‌కి ఉన్న జాగ్రత్త మనకి లేదు.

'అరుంధతి' సంగతి చూడండి. 2009లో ఊరూరా ఆడింది. అందులో దుర్మార్గుడు పశుపతి సంస్థానం అల్లుడు. డబ్బూ బలమూ ఉన్నవాడు. సినిమా చూసి వచ్చిన ఏ ఊరివాళ్ళూ అలాంటివాడి ఇంటి మీద రాళ్ళు వేయరు.

నా కోపం ఎక్కడంటే, చేతబడి సినిమాల మీద. ఈ మధ్య మన దగ్గర ఇవే ఆడుతున్నాయి. 2021లో 'మా ఊరి పొలిమేర' వచ్చింది, దానికి రెండో భాగం కూడా వచ్చింది. 2023లో 'విరూపాక్ష' వచ్చింది. బాగా తీయలేదని నేను అనను. అభిమానిగా చెప్తున్నాను, 'విరూపాక్ష'కి నేను కుర్చీ అంచున కూర్చున్నాను. దాని మొదట్లో క్షుద్రపూజలు చేస్తున్నారని ఒక భార్యాభర్తల్ని ఊరంతా కలిసి తగలబెడుతుంది. అది ఘోరమనే చూపించారు, కాదనను. కానీ కథ ముందుకు నడవాలంటే ఆ శాపం తగలాలి, ఆ క్షుద్రశక్తి పనిచేయాలి. పన్నెండేళ్ళకి ఊళ్ళో శవాలు లేవాలి. అప్పుడు చూసేవాడు ఏం నేర్చుకుని బయటికొస్తాడు? అనుమానం తప్పు అని కాదు. కాల్చిన పద్ధతి తప్పేమో గానీ అనుమానం మాత్రం నిజమే అని.

దెయ్యం సినిమా మనకి భయాన్ని ఇస్తుంది. చేతబడి సినిమా మనకి ఒక ముద్దాయిని ఇస్తుంది. రెండూ ఒకటి కావు. దెయ్యానికి మన ఊళ్ళో ఇల్లు లేదు, రేషన్ కార్డు లేదు. "చేతబడి చేసేది" అనగానే ఊరికి ఒక ఇల్లు గుర్తొస్తుంది. ఆ ఇల్లు ఎప్పుడూ సర్పంచిది కాదు. ఒంటరి విధవరాలిదో, మతి సరిగా లేనివాడిదో, ఎవరూ పలకరించని కులంవాళ్ళదో అయి ఉంటుంది. 2022 జనవరిలో జగిత్యాలలో మంత్రాలు చేస్తున్నారన్న అనుమానంతో ఒక తండ్రినీ ఇద్దరు కొడుకుల్నీ చంపేశారు. అది సినిమా కాదు. లైట్లు వెలిగాక లేచి ఇంటికి వెళ్ళడానికి వాళ్ళకి వీలు లేకపోయింది.

నేను కోఠిలో కొన్న పుస్తకం గురించి కూడా ఇదే. ఆ రోజుల్లో 'తులసి దళం' చదవని ఇల్లు తక్కువ. రంగనాయకమ్మ గారు దాని మీద 'తులసిదళం కాదు, గంజాయి దమ్ము' అని గట్టి విమర్శ రాశారు. దేవుణ్ణి నమ్మని ఆమెకి కనబడిన ప్రమాదం దేవుణ్ణి నమ్మే మనకి ఎందుకు కనబడలేదు? ఈ ప్రశ్న నన్ను ఏడాదిగా తొలుస్తోంది. ఎందుకో చెప్తాను. ఇది చెప్పడం నాకు కష్టం.

పోయినేడు వానాకాలంలో మన ఊళ్ళో ఒక వాడలో ముగ్గురు పిల్లలకి జ్వరాలు వచ్చాయి. అమావాస్య మర్నాడు మూడు బజార్ల దగ్గర కోసిన నిమ్మకాయ, కుంకుమ కనబడ్డాయి. ఆ రాత్రి పదిమంది కుర్రాళ్ళు ఊరి చివర ఒంటరిగా ఉండే అవ్వ ఇంటి మీద పడ్డారు. పెంకులు పగిలాయి. నేను వెళ్ళేసరికి అవ్వ మంచం కింద దూరి ఉంది. ఆ పదిమందిలో ఇద్దరు మన సంఘం పిల్లలే. "ఏంరా ఇది?" అని అడిగితే ఒకడన్నాడు, "మీరే చెప్పారు కదా అయ్యగారూ."

నిజమే, నేనే చెప్పాను. రెండు ఆదివారాల ముందు మంత్రగత్తెల గురించి ప్రసంగించాను. ముప్పై ఏళ్ళ నుంచి భయం సినిమాలు చూస్తున్నవాణ్ణి, ఎక్కడ గొంతు తగ్గించాలో, ఎక్కడ ఆగాలో నాకు తెలుసు. నిమ్మకాయ, వెంట్రుకలు, అర్ధరాత్రి ముసలమ్మ గొంతు, అన్నీ పెట్టాను. అందరూ ఊపిరి బిగబట్టి విన్నారు. బాగా చెప్పానని నేను సంతోషించాను కూడా. ఆ పిల్లల్లో ఒకరిని ఆస్పత్రిలో పరీక్ష చేస్తే డెంగ్యూ అని తేలింది. వాడ పక్కనున్న మురికిగుంట ఎవరికీ కనబడలేదు, అవ్వ మాత్రం కనబడింది.

అవ్వ కూతురి ఊరికి వెళ్ళిపోయింది. నేను ఆ ఇద్దరినీ తీసుకుని వెళ్ళి క్షమాపణ అడిగాను. ఆమె ఏమీ అనలేదు. మాకు టీ పెట్టింది. మొదటి సమూయేలు 28వ అధ్యాయంలో ఏన్దోరు స్త్రీ ఉంది. సౌలు రాజు ఆజ్ఞకి భయపడి బతుకుతున్న ఆమె, అదే రాజు నేలమీద కూలిపోతే దూడను కోసి, రొట్టె కాల్చి తినిపించింది. ఆ భాగం నేను ఎన్నోసార్లు చదివాను. ఆ టీ గ్లాసు చేతిలో పట్టుకున్న రోజే అర్థమైంది. అవ్వ ఇంకా తిరిగి రాలేదు. ఇంటికి తాళం ఉంది.

"మరి నిర్గమకాండము 22లో మంత్రగత్తె గురించి ఉంది కదా" అని అడిగేవాళ్ళు ఉంటారు. ఉంది. అదే ధర్మశాస్త్రం ద్వితీయోపదేశకాండము 19లో ఒక్క సాక్షి మాట చాలదని, అబద్ధ సాక్షి ఎదుటివాడికి చేయాలనుకున్న కీడు తనకే రావాలని కూడా చెప్తుంది. నిమ్మకాయ ఎవరు పెట్టారో చూసిన సాక్షి ఎవరు? పైగా మన ప్రభువు మీదే ఈ నింద వేశారు. బయెల్జెబూలు సాయంతో దయ్యాలను వెళ్ళగొడుతున్నాడని పెద్దమనుషులే అన్నారు. చేతబడి ముద్దాయిల వరుసలో మన రక్షకుడు కూడా నిలబడ్డాడు. ఆ వరుస మీద రాయి విసిరేముందు అక్కడ ఎవరున్నారో చూడండి.

మార్కు సువార్త 5వ అధ్యాయంలో సమాధుల మధ్య తిరిగే మనిషిని ఊరివాళ్ళు సంకెళ్ళతో కట్టేవారు. ప్రభువు అతన్ని బాగుచేశాడు. అతను బట్టలు కట్టుకుని, స్వస్థచిత్తుడై కూర్చుని ఉంటే, అది చూసి ఊరివాళ్ళు భయపడ్డారు. ప్రభువునే తమ ప్రాంతం విడిచి వెళ్ళమన్నారు. బాగుపడిన మనిషి వాళ్ళకి అంత భయం కలిగించాడు.

సినిమా తీసేవాళ్ళు ఈ పేజీ చదవరు. చదివితే ఒకటే అడుగుతాను. దెయ్యాన్ని ఎంత భయంకరంగానైనా చూపించండి, మేం టికెట్ కొంటాం. పేద ముసలమ్మ ముఖం మాత్రం దానికి తగిలించకండి. మహారాష్ట్ర 2013లో, కర్ణాటక 2017లో ఇలాంటి మూఢాచారాల మీద ప్రత్యేక చట్టాలు చేశాయి. చట్టం రావాలి. కానీ చట్టం వచ్చేలోపు మన పని మనకుంది. జ్వరం వస్తే ముందు ఆస్పత్రికి వెళ్ళండి, తర్వాత ప్రార్థనకి రండి, రెండూ ప్రభువిచ్చినవే. ఊళ్ళో ఎవరి పేరైనా చేతబడికి ముడిపెడితే ఆ మాట అక్కడే ఆపండి. ఆగకపోతే వాళ్ళ గుమ్మం ముందు వెళ్ళి కూర్చోండి, నాకూ ఫోన్ చేయండి. నేను ఇకమీదట మంత్రగత్తెల కథలతో ప్రసంగం చేయను. ఇది మీ ముందు ఒప్పుకుంటున్నాను.

ప్రార్థన చేద్దాం. ప్రభువా, మా భయాలకి పక్కింటివాళ్ళ పేర్లు పెట్టుకున్న మా పాపాన్ని క్షమించు. నా నోటి మాట వల్ల ఇల్లు విడిచిన ఆ తల్లిని క్షేమంగా తిరిగి తీసుకురా. ఆమె గుమ్మం ముందు మొదట నిలబడే ధైర్యం మాకివ్వు. ఆమేన్.